నేల టికెట్ల లెక్క

నేల క్లాసులో జనాన్ని లెక్కపెట్టడం ఎలాగో నాకు నేర్పింది ఒక ముసలి ఆపరేటర్. కుర్చీలైతే వరసలుంటాయి. బెంచీలైతే బెంచీకి ఆరుగురు అనుకోవచ్చు. నేలకేముంది? ఇసక పోసిన మట్టి, కాస్త కలిగిన హాలైతే గచ్చు. కాళ్ళు బారజాపుకున్నవాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నవాళ్ళు, ముందువాడి తల అడ్డొస్తోందని ఇసక కుప్పజేసుకుని దానిమీద ఎక్కి కూర్చున్నవాళ్ళు. చీకట్లో ఎవర్నని లెక్కపెడతాం?

"తెల్లచీర పాట వచ్చేదాకా ఆగవయ్యా," అన్నాడాయన. హీరోయిన్ తెల్లచీర కట్టుకుని మబ్బుల మధ్య పాడే పాట ప్రతి బొమ్మలోనూ ఒకటుండేది. అది పడితే తెర మీది వెలుగంతా వెనక్కి తిరిగి జనం మొహాల మీద పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో ప్రొజెక్షన్ రూము కంతలోంచి చూస్తూ పదేసి తలల చొప్పున పోగులు పెట్టుకోవాలి. తడిక గోడకి అటు ఆడవాళ్ళు, ఇటు మగవాళ్ళు. పాట అయ్యేసరికి నా నోట్‌బుక్కులో ఒక అంకె ఉండేది. కిందికెళ్ళి బుకింగ్‌లో టికెట్ నెంబరు చూస్తే ఇంకో అంకె ఉండేది. ఈ రెండిటికీ మధ్య తేడాయే నా ఉద్యోగం.

1974లో, ఇరవయ్యో ఏట, బెజవాడ గాంధీనగరంలో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌గా చేరాను. పేరు పెద్దదే. పనేమిటంటే రీళ్ళ పెట్టెలు వెంటేసుకుని బస్సెక్కి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో హాలు హాలుకీ తిరగడం, ఆట ఆటకీ టికెట్లు సరిచూడటం, రాత్రి రెండో ఆట వదిలాక డీసీఆర్ రాయించి మేనేజరు సంతకం తీసుకోవడం. డీసీఆర్ అంటే రోజువారీ వసూళ్ళ కాగితం. క్లాసువారీగా మొదటి టికెట్ నెంబరెంత, చివరి నెంబరెంత, ఎన్ని తెగాయి, రేటెంత. మొత్తం కలిపితే గ్రాస్. అందులోంచి టాక్స్ తీసేస్తే నెట్. నెట్‌లోంచి హాలు వాటా పోతే మిగిలేది షేర్. కార్బన్ పెట్టి మూడు కాపీలు రాసేవాళ్ళం. జీతం తక్కువ, బేటా ఇంకా తక్కువ. భోజనం మాత్రం చాలా ఊళ్ళలో హాలు యజమాని ఇంట్లోనే. గోంగూర వేసి, నెయ్యి వేసి, కొసరి కొసరి పెట్టేవారు. అంత మర్యాద ఎందుకో అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

పాత హాళ్ళు ఎందుకు పోయాయని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. టీవీ చంపిందని కొందరు, మల్టీప్లెక్సు చంపిందని కొందరు, ఫోను చంపిందని ఇంకొందరు. ముప్ఫయ్యేడేళ్ళు ఆ లెక్కలు రాసినవాడిగా నేనొక మాట చెబుతాను. ఊళ్ళలో, పేటల్లో ఉండే మామూలు హాలు కొత్త సినిమా మీద బతకలేదు. పాత ప్రింటు మీద బతికింది. ఆ పాత ప్రింటనేదే లేకుండా పోయిన రోజున దాని పని అయిపోయింది.

ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన వాళ్ళలో ఈ వ్యాపారానికి ఆద్యుడు మచిలీపట్నం నుంచి వెళ్ళిన రఘుపతి వెంకయ్య నాయుడు. మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ, విదేశీ యంత్రం తెప్పించి, గుడారం వేసి, ఊరూరా బొమ్మలు ఆడించాడు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు. దక్షిణాదిలో ఒక భారతీయుడు కట్టుకున్న మొదటి సినిమా హాలు అదేనంటారు. ఆయన పేరు మీద ప్రభుత్వం అవార్డు ఇస్తోంది గానీ, ఆ గెయిటీ ఇప్పుడు లేదు. ఆంధ్రదేశంలో మొదటిది మా బెజవాడ మారుతీ టాకీస్. 1921లో పోతిన శ్రీనివాసరావు గారు కట్టించారు. టాకీస్ అని నోరారా అంటున్నాం గానీ అప్పటికి బొమ్మకి మాట రాలేదు. తెర పక్కన ఒకాయన నిలబడి, ఇదిగో ఈయన రాజు, అదిగో ఆవిడ రాణి, ఇప్పుడు యుద్ధం అని గొంతు చించుకుని కథ చెబుతుంటే చూసేవారు. 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు బొమ్మ మాట్లాడింది. వ్యాఖ్యాత ఉద్యోగం పోయింది. టాకీస్ అన్న మాట మాత్రం మన హాళ్ళ బోర్డుల మీద అరవై డెబ్బయ్యేళ్ళు అలాగే ఉండిపోయింది.

నాటకాల కోసం కట్టినవి సినిమా హాళ్ళుగా మారాయి. బియ్యం మిల్లువాళ్ళు, పొగాకు వ్యాపారులు, జమీందారులు డబ్బు పెట్టి కొత్తవి కట్టారు. హాలు లేని ఊళ్ళకి టూరింగ్ టాకీసులు వెళ్ళాయి. గుడారమో తాటాకు పందిరో వేసుకుని, ఏడాదికో రెండేళ్ళకో పర్మిట్ తెచ్చుకుని, అది అయిపోగానే బండ్లకెత్తి పక్క ఊరికి. ఊరికి కరెంటొచ్చాక గుడారం స్థానంలో రేకుల షెడ్డు, తర్వాత పక్కా గోడలు. మా జిల్లాల్లో ఎన్నో హాళ్ళ పుట్టుక ఇదే. వాటిని కట్టిన స్థలం అప్పట్లో ఊరి బయట. చవగ్గా దొరికిందని ఎకరమో ఎకరంన్నరో తీసుకున్నారు. ఈ ఎకరం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

డిస్ట్రిబ్యూటర్లకి బెజవాడ గాంధీనగరమే రాజధాని. నవయుగ, పూర్ణా లాంటి పెద్ద సంస్థల దగ్గర్నుంచి ఒక్క గది, ఒక్క టేబులు, ఒక్క ఫోను ఉన్న ఆఫీసుల దాకా అన్నీ అక్కడే. వీధిలో ఎటు చూసినా పోస్టర్ల కట్టలు, రేకు పెట్టెలు, వాటిని మోసే రిక్షాలు. సినిమా వాళ్ళది వేరే భూగోళం. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని మూడు ఏరియాలు. ఆంధ్రలో మళ్ళీ జిల్లాల వారీగా వాటాలు. 1800లో నిజాం ఇంగ్లీషు వాళ్ళకి ధారాదత్తం చేసిన జిల్లాలని 'సీడెడ్' అన్నారు. 1928లో నంద్యాలలో ఆ పేరు వద్దనుకుని రాయలసీమ అని పెట్టుకున్నారు. జనం మరిచిపోయిన ఆ పాత పేరు సినిమా లెక్కల్లో ఇప్పటికీ వాడుకలో ఉంది. మా వాళ్ళు చరిత్ర చదివి కాదు, అగ్రిమెంటు కాగితం మీద అలా అచ్చయి ఉందని.

ఇక ప్రింటు. థర్టీఫైవ్ ఎంఎం ఫిలిం నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల బొమ్మంటే పద్నాలుగు, పదిహేను రీళ్ళు. పెట్టెలతో కలిపి ఓ మనిషి ఎత్తలేని బరువు. ప్రింటు తీయించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, నేను చేరిన రోజుల్లో రాష్ట్రం మొత్తానికి ముప్ఫై, నలభై ప్రింట్లు వేస్తే పెద్ద విడుదల. ఆ ప్రింటు ముందు పట్నాల్లో, అంటే 'ఏ' సెంటర్లలో, ఆడేది. అక్కడ బలం తగ్గాక తాలూకా ఊళ్ళకి వచ్చేది, అంటే బీ సెంటర్. తర్వాత మేజర్ పంచాయతీలు, చివరికి గుడారాలు. బెజవాడలోనే ఒక పేటలో వంద రోజులాడిన బొమ్మ మరుసటేడు ఇంకో పేటలో తక్కువ రేటుకి పడేది. పట్నంలో సంక్రాంతికి చూసిన బొమ్మ పల్లెటూళ్ళో వచ్చే సంక్రాంతికి. దీన్ని వెనకబాటుతనమని అనుకోకండి. అదొక కాలవ. పై కాలవలో నీళ్ళు పారాక కింది తూముకి వస్తాయి. చివరి పొలానికి వచ్చేసరికి నీళ్ళు పలచనైనా పంట పండేది. బొమ్మ ఆడిందో ఫ్లాపయిందో అప్పటికే తెలిసిపోయి ఉండేది కాబట్టి చిన్న హాలు యజమానికి రిస్కు లేదు. ఫిక్స్‌డ్ హైరు కట్టి వారానికి తెచ్చుకుంటే ఖర్చు పోనూ నాలుగు రూపాయలు మిగిలేవి.

చివరి తూముకి వచ్చేసరికి ప్రింటు ఎలా ఉండేదో నేను చెప్పాలి. గీతలు పడి తెర మీద ఎప్పుడూ వాన. పక్కన కంతలు చిరిగి బొమ్మ ఎగిరెగిరి పడేది. తెగినచోటల్లా ఆపరేటర్ బ్లేడుతో గీకి, సిమెంటు రాసి అతికించేవాడు. అతికినప్పుడల్లా రెండు మూడు ఫ్రేములు పోయేవి. పాటలో ఒక మాట ఎగిరిపోయేది, ఫైటింగులో ఒక గుద్దు మాయమయ్యేది. పోయిన ముక్కలు హాలు వెనక పిల్లల చేతుల్లో తేలేవి. అద్దంతో ఎండని ఇంట్లోకి పంపి, నాయన పంచె మీద బొమ్మ వేసుకోవడానికి. అయినా జనం అదే ప్రింటుకి ఈలలు వేశారు. ముందే పట్నంలో చూసొచ్చినవాడు మాత్రం పక్కవాడికి చెప్పేవాడు: "ఇక్కడ ఇంకో డైలాగుండాలిరా, కోసేశారు."

ఒక్క ప్రింటుతో రెండు హాళ్ళు నడిపిన కథ కూడా చెప్పి తీరాలి. ఒకే ఊళ్ళో రెండు హాళ్ళు, రెండో హాల్లో ఆట ముప్పావుగంట ఆలస్యంగా మొదలు. మొదటి హాల్లో అయిన రీళ్ళని సైకిలు వెనక కట్టుకుని ఒక కుర్రాడు రెండో హాలుకి. మధ్యలో రైల్వే గేటు. ఒకరోజు రాత్రి గూడ్సు బండి గేటు మీదే ఆగిపోయింది. తొమ్మిదో రీలూ పదో రీలూ గేటుకి అవతల. పదకొండో రీలు ఎలాగో ముందు ట్రిప్పులోనే పొరపాటున వచ్చేసింది. హాల్లో జనం కుర్చీలు విరగ్గొట్టేలా ఉన్నారు. ఆపరేటర్ నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. పదకొండు ఎక్కించేశాడు. తర్వాత గేటు తీశాక తొమ్మిది, పది వేశాడు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఒక పెద్దావిడ నన్నే ఆపి అడిగింది: "అబ్బాయా, ఆ చచ్చినోడు మళ్ళీ ఎట్టా లేచాడయ్యా?" ఆవిడకి నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు. గేటు సంగతి మాత్రం చెప్పలేదు.

ప్రొజెక్షన్ రూమంటే కొలిమి. రెండు కార్బన్ పుల్లల మధ్య నిప్పు పుట్టించి, ఆ వెలుతురుతో బొమ్మ వేసేవాళ్ళు. పుల్లలు కాలిపోతున్నకొద్దీ వాటిని దగ్గరికి జరుపుతుండాలి, లేకపోతే తెర పచ్చబడి, ఎర్రబడి చీకటవుతుంది. తెర కుడివైపు పైమూల ఒక చుక్క కనిపించగానే రెండో మిషను తిప్పాలి, రెండో చుక్కకి మారిపోవాలి. చూసేవాడికి రీలు మారిందని తెలియకూడదు. కింద ఘంటసాల పాడిన వెంకన్న పాట రికార్డు వేశారంటే ఆట మొదలవుతోందని ఊరంతటికీ తెలుస్తుంది. పొయ్యి మీద అన్నం దించేసి పరుగెత్తేవాళ్ళు. చివరి బస్సు దిగిన జనం లోపలికొచ్చేదాకా రెండో ఆట ఆపి ఉంచేవాళ్ళు. అది టైము ప్రకారం కాదు, బస్సు ప్రకారం.

వసూళ్ళు కూడా బస్సు ప్రకారం, కాలవ ప్రకారం, పంట ప్రకారం. నాట్లప్పుడు కూలోళ్ళతో నేల నిండేది. కోతలయ్యాక కుర్చీలు నిండేవి. శివరాత్రికి మాత్రం అన్నీ నిండేవి. జాగారం చేసే జనానికి తెల్లవార్లూ ఆటలు. 'మాయాబజార్', 'లవకుశ' ఎన్నోసారి వచ్చాయో ఎవరూ లెక్కపెట్టలేదు. చీకటి పడినప్పటినుంచి కోడి కూసేదాకా ఆటలు వేసిన రోజులున్నాయి. ఆ ఒక్క రాత్రి వచ్చిన డబ్బుతో ఆషాఢంలో ఖాళీ హాలు నడిపేవాళ్ళు. కొత్త సినిమా లేకపోతే హాలు మూసుకోవాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ లేదు. గాంధీనగరంలో పాత ప్రింట్లు గోడౌన్ల నిండా ఉండేవి.

ఇంత చెప్పి, ఆ హాళ్ళన్నీ స్వర్గాలని రాస్తే అబద్ధమవుతుంది. నల్లులు కుర్చీల్లో కాపురముండేవి. మరుగుదొడ్డి వాసనే దాని దారి చెప్పేది. పండగ బొమ్మకి బ్లాకులో టికెట్లమ్మేది ఎవరో ఊరందరికీ తెలుసు. ఆడవాళ్ళ క్యూ విడిగా ఉందని గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ సందు ఒక మనిషి పట్టేంత, పైన ఇనుప ఊచలు, లోపల ఉక్కిరిబిక్కిరి. నాకు పెట్టిన నెయ్యి భోజనం సంగతి కూడా అంతే. చించాల్సిన టికెట్ చించకుండా గేటు దగ్గర్నుంచి తిరిగి బుకింగ్‌లోకి వచ్చేది. ఒకే టికెట్ రెండుసార్లు అమ్ముడయ్యేది. ఒక ఊళ్ళో నేను తెల్లచీర పాటలో లెక్కపెట్టిన తలలకీ డీసీఆర్‌కీ నూటముప్ఫై తేడా వచ్చింది. ఊరి పేరూ హాలు పేరూ చెప్పను. సంతకం పెట్టనన్నాను. ఆ రాత్రి నాకు పడుకోవడానికి చాప కూడా దొరకలేదు. మర్నాడు మా ఆఫీసు నన్నే మందలించింది, పార్టీతో గొడవెందుకని.

1980ల మొదట్లో స్లాబ్ సిస్టం వచ్చింది. టికెట్ టికెట్‌కీ వినోదపు పన్ను కాకుండా, హాలు కెపాసిటీని బట్టి వారానికింత అని కట్టెయ్యడం. యజమానులకి అప్పుడు ఊరటగా ఉంది, టాక్స్ ఇన్‌స్పెక్టర్ రావడం తగ్గింది. కానీ జనం వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. అదే సమయంలో ఊళ్ళోకి టీవీ, దాని వెనకే వీడియో పార్లర్లు. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, పల్లెలకి దాని బొమ్మ చేరడానికి కొన్నేళ్ళు పట్టింది. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక పాత సినిమా ఇంట్లోకే వచ్చేసింది. శివరాత్రి నాడు 'మాయాబజార్' చూడ్డానికి హాలుకి ఎవరొస్తారు? దెబ్బ తగిలింది, నిజమే. కానీ హాళ్ళు చావలేదు. ఏడాది పాతదైన బొమ్మ పోయినా ఆర్నెల్ల పాతది, మూణ్ణెల్ల పాతది ఇంకా పనికొచ్చేది.

అసలు దెబ్బ ప్రింట్ల సంఖ్య పెరగడంతో మొదలైంది. ముప్ఫై వంద అయింది, వంద రెండొందలయింది. పైరసీ వస్తోంది, వచ్చే లోపల అన్నిచోట్లా డబ్బు లాగెయ్యాలి. 2005 తర్వాత డిజిటల్ ప్రొజెక్టర్లు, శాటిలైట్ వచ్చాయి. 2013 నాటికి ఫిలిం పెట్టె మోసే పనే లేకుండా పోయింది. బెజవాడలో పొద్దున పడిన బొమ్మ అదే పొద్దున దివిసీమలో చివరి ఊళ్ళోనూ పడుతోంది. చూసేవాడికి న్యాయమే. కాలవ తీసేసి అందరికీ ఒకేసారి వాన కురిపించారు. కానీ వాన మూడు రోజులే. శుక్రవారం, శని, ఆదివారం. సోమవారానికి పట్నంలో బొమ్మ పోతే పల్లెలోనూ పోయింది. తర్వాత తెచ్చుకోవడానికి పాత ప్రింటు లేదు. వెనక నిల్వ లేని కొట్టు ఎన్నాళ్ళు నడుస్తుంది?

ఇందులో ఒక తమాషా. డిజిటల్ కంపెనీలు పెట్టిన మిషన్ల ఖర్చు రాబట్టడానికి పెట్టిన ఛార్జీ పేరు వర్చువల్ ప్రింట్ ఫీ. ప్రింటు లేదు, ప్రింటు ఫీజుంది. 2018 మార్చిలో దీనిమీద గొడవై దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాలివ్వడం మానేశారు, హాళ్ళు మూతపడ్డాయి. అప్పటికి నేను రిటైరై ఏడేళ్ళు. పేపర్లో ఆ మాట చదివి గట్టిగానే నవ్వాను.

2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ రేట్లకి జీవో ఇచ్చింది. పంచాయతీల్లో ఏసీ లేని హాల్లో కింది క్లాసు అయిదు రూపాయలు. ఆ డబ్బుకి బయట గోలీసోడా రాదు. మరుసటేడు మార్చిలో సవరించి ఇరవై చేశారు. ఆ మధ్యలో ఎంతోమంది తాళాలు వేసేశారు. కరోనా కాలంలో హైదరాబాద్‌లోనూ అంతే. నారాయణగూడ శాంతి, మెహిదీపట్నం అంబ, టోలిచౌకి గెలాక్సీ మూతపడ్డాయని వరసగా వార్తలు. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు స్వచ్ఛందంగా మూసుకున్నాయి. కారణం? వేసుకోవడానికి సినిమాల్లేవు. వందేళ్ళ తెలుగు బొమ్మలుండగా వేసుకోవడానికి సినిమాల్లేవంటే, నేను చెప్పింది అదే.

ఇప్పుడు ఎకరం సంగతి. ఊరు పెరిగి హాలుని దాటిపోయింది. ఊరి బయటి స్థలం ఊరి నడిబొడ్డయింది. తాత కట్టిన హాలు, మనవళ్ళు నలుగురు, ఒకడు అమెరికాలో. రోజుకి నలభై మంది చూసే బొమ్మకి ఎకరం స్థలం ఎందుకని వాళ్ళడిగితే నేను జవాబు చెప్పలేను. నేను తిరిగిన హాళ్ళలో ఎక్కువ శాతం కళ్యాణ మండపాలయ్యాయి. అందుకు కారణం కూడా మామూలుదే. స్తంభాల్లేని పెద్ద గది, బండ్లు పెట్టుకునే స్థలం, జనానికి తెలిసిన అడ్రసు. కొన్ని ధాన్యం గోడౌన్లు. కొన్ని అపార్టుమెంట్లు. విశాఖలో జగదాంబ ఇంకా ఆడుతోంది, దాని పేరు ఏకంగా జంక్షన్‌దే అయిపోయింది. సికింద్రాబాద్ ప్యారడైజ్ సంగతి చూడండి. 1953లో ఆ హాలు దగ్గర చిన్న క్యాంటీన్‌గా మొదలైనది ఇప్పుడు బిర్యానీగా దేశమంతా తెలుసు. హాలు ఎక్కడుందని అడిగితే కుర్రాళ్ళకి తెలియదు.

పోయినేడు మా మేనల్లుడి కొడుకు పెళ్ళికి ఒక ఊరు వెళ్ళాను. ఫంక్షన్ హాల్లోకి అడుగు పెట్టగానే కాళ్ళకి ఏదో తెలిసింది. నేల వాలుగా ఉంది. మీద టైల్సు వేశారు గానీ వాలు తీయలేదు. తల తిప్పి చూస్తే వెనక గోడ మీద, ఎత్తులో, రెండు చదరపు కంతలు. సున్నం కొట్టేశారు గానీ పూడ్చలేదు. వాటికింద వధూవరుల పేర్లు థర్మాకోలుతో. నేను తెల్లచీర పాట కోసం ఎదురుచూసిన కంత అదే. నూటముప్ఫై తేడా వచ్చిన ఊరూ అదే. అలవాటు చొప్పున లెక్కపెట్టాను. భోజనాల బంతికి రెండొందల పదహారు మంది.

ఉద్యోగం మానేసే రోజున ఆఫీసులో పాత కాగితాలన్నీ తూకానికి వేస్తుంటే డీసీఆర్ కార్బన్ కాపీలు రెండు సంచులు నేను ఇంటికి తెచ్చుకున్నాను. కార్బన్ మసకబారుతోంది, కొన్ని చెదలు తిన్నాయి. అయినా చదవొచ్చు. ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఏ బొమ్మకి, నేల ఎంతమంది, బెంచి ఎంతమంది, అన్నీ ఉన్నాయి. వానలో బెంచి ముగ్గురు, నేల పదకొండు మంది వస్తే ఆట వేసిన రాత్రి కూడా ఉంది. మీ ఇళ్ళలో అటక మీద టికెట్ పుస్తకాలుంటే, హాల్లో వేసిన గాజు స్లైడ్లుంటే, కరపత్రాలుంటే తూకానికి వెయ్యకండి. మీ ఊరి లైబ్రరీకో, దగ్గర్లో కాలేజీలో చరిత్ర చెప్పే మేష్టారికో ఇవ్వండి. నా రెండు సంచులు కూడా అలా ఇచ్చేద్దామనే చూస్తున్నాను, తీసుకునేవాళ్ళుంటే.